డైరెక్టరుగారి తేనెటీగ

ఫిబ్రవరి 3

మా ఇంటి భూతద్దానికి,

మీ వదిన రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అన్నయ్యా, నలభై పెట్టెల తేనెటీగలూ బాగానే ఉన్నాం. ఈ మూడు జాతుల్లో కుట్టనిది మీ అన్నయ్య ఒక్కడే.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నీకు ఫోన్ చేస్తే సగం సేపు "ఒక్క నిమిషం వదినా", మిగతా సగం "మళ్ళీ చేస్తా వదినా". ఎలాగూ పార్సిల్ పంపుతున్నాను, లోపల ఉత్తరం పెడితే నువ్వు మధ్యలో లేచిపోలేవు.

పార్సిల్‌లో దూది మధ్య పద్దెనిమిది ఈగలున్నాయి. చచ్చినవే, భయపడకు. మూడు వారాలుగా నా పెట్టెల దగ్గర ఇలాంటివి కనిపిస్తున్నాయి. మామూలు ఈగకి ఒంటినిండా నూగు ఉంటుంది కదా, వీటికి వెంట్రుక లేదు. నల్లగా, నున్నగా, నూనె రాసిన మూకుడులా మెరుస్తున్నాయి. బలం లేని పెట్టెల గుమ్మాల దగ్గర తచ్చాడుతున్నాయి. కాపలా ఈగలు తరిమితే అటు పోయి ఇటు వస్తున్నాయి.

నేనడిగేవి మూడే. ఇది రోగమా? రోగమైతే మిగతావాటికి అంటుకుంటుందా? పెట్టెల గుమ్మాలు ఒక్క ఈగ పట్టేంత ఇరుకు చెయ్యమంటావా, వద్దా? నాకు తోచింది నేను చేసుకోగలను. కానీ ఇంట్లో చదువుకున్న మనిషి ఉండగా సొంత వైద్యం ఎందుకని ఆగాను. ఆరేళ్ళుగా ఆ మ్యూజియంలో పురుగుల డబ్బాల మధ్య కూర్చున్నావు. ఒక్కసారి ఇంటికి పనికిరా.

ఎదురుచూస్తూ,
వదిన


ఫిబ్రవరి 11

వదినా, వదినా, వదినా,

కూర్చున్నావా? లేకపోతే కూర్చో. నువ్వు పంపిన ఈగల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి మూడు రోజులు చూశాను. పుస్తకాలన్నీ తిరగేశాను. నున్నటి నల్లటి ఒళ్ళు, వెంట్రుక లేని వీపు. ఇలాంటి తేనెటీగని ఎవ్వరూ వర్ణించలేదు. వదినా, ఇది కొత్త జాతి! మన ఇంటి వెనక!

నీకు అర్థమయ్యేలా చెప్తాను. శాస్త్రంలో ప్రతి జీవికీ రెండు మాటల పేరుంటుంది, ఇంటిపేరూ సొంత పేరూ లాగా. తేనెటీగలన్నిటి ఇంటిపేరు ఏపిస్. లాటిన్‌లో తేనెటీగ అనే అర్థం. కొండ చరియలకి పెద్ద పట్టు పెట్టేది ఏపిస్ డార్సాటా, ఆ మాట వీపుకి సంబంధించింది. పొదల్లో ఉండే బుల్లిది ఏపిస్ ఫ్లోరియా, అది పువ్వుల నుంచి వచ్చింది. నీ పెట్టెల్లో ఉండేది ఏపిస్ మెల్లిఫెరా, అంటే తేనె మోసేది. ఇప్పుడు వీటి పక్కన ఇంకో పేరు చేరబోతోంది.

నా పరిస్థితి నీకు తెలుసు. ఆరేళ్ళుగా తాత్కాలికం. ఏటా మార్చి వచ్చేసరికి నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఈ ఏడు మా సంస్థకి యాభై ఏళ్ళు. ప్రత్యేక సంచిక వేస్తున్నారు. "అందులో ఏదైనా కొత్తది ఉండాలి, లేకపోతే కొత్తవాళ్ళు ఉంటారు" అన్నాడు మా డైరెక్టరు. ఆయన చదివింది ఆఫీసు పాలన. పురుగుని ఆయన ఇంతవరకూ చెప్పుతోనే చూశాడు. కానీ సంతకం ఆయనది.

అందుకని, వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎవరికీ చెప్పకు. గుమ్మాలు ఇరుకు చెయ్యకు, పెట్టెలు కదపకు. కొత్త జాతి సహజంగా ఎలా తిరుగుతుందో అలాగే తిరగనివ్వు. ఇంకో ముప్ఫై పట్టి పంపు.

నీ
మరదలు


ఫిబ్రవరి 24

పేర్ల పంతులమ్మకి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "మన ఇంటి వెనక కొత్త జాతా" అని కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి, ముక్కు మీద కుట్టించుకుని వచ్చాడు. అది పాత జాతే అని తేలింది.

నువ్వు చెప్పిన పేర్లు విని నవ్వొచ్చింది. ఒకదానికి వీపు చూసి పేరు, ఇంకోదానికి పువ్వు చూసి పేరు. ఇంట్లో పిల్లలకి బొద్దుగా ఉంటే బుజ్జోడనీ, పొడుగ్గా ఉంటే తాటిచెట్టనీ పెడతామే, మీ పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు చేసిందీ అదేనన్నమాట. కాకపోతే మేం పెడితే వెక్కిరింత, మీరు పెడితే లాటిన్. ఇక నా ఈగలు "తేనె మోసేవి" అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఈగ పువ్వుల్లోంచి తెచ్చేది తేనె కాదమ్మా, నీళ్ళలాంటి తీపి రసం. దాన్ని పొట్టలో తెచ్చి, ఒకదాని నోట్లోంచి ఇంకోదాని నోట్లోకి మార్చి, గదుల్లో పోసి, రెక్కలతో విసిరి విసిరి చిక్కబరిస్తే అప్పుడు తేనె. వంట చేసినదాన్ని పట్టుకుని "కూరలు మోసుకొచ్చేది" అంటే ఒళ్ళు మండదూ? నాకు మండుతుంది. ముప్ఫై ఏళ్ళుగా మీ అన్నయ్య నా గురించి బంధువులకి అలాగే చెప్తున్నాడు.

ఇంకా చాలా రాయాలి. పెట్టెల్లోకి చట్రాలు చేసే మనిషి మానేశాడు. కొత్తగా వచ్చినవాడు మేకు కొట్టమంటే వేలు కొట్టుకుంటున్నాడు. పెరట్లో పంపు కారుతోంది. మీ అన్నయ్య బాగుచేశాక ఇంకా బాగా కారుతోంది.

అసలు విషయం చివరికి వచ్చింది. పదకొండు, పంతొమ్మిది నంబర్ల పెట్టెల దగ్గర రోజూ కొట్లాట. గుమ్మం కింద చచ్చిన ఈగలు పిడికెడు. మైనం తునకలు రాలుతున్నాయి. నువ్వు వద్దన్నావని గుమ్మాల జోలికి పోలేదు. ఏడో పెట్టె మాత్రం బాగా బలిసింది. దాని మీద నాకేదో అనుమానం. ఆ పెట్టెలో నూగు బాగా ఉన్న యాభై ఈగల వీపుల మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాను, ఎక్కడికి పోతాయో చూద్దామని. గుమ్మాలు ఇరుకు చెయ్యనా? ఒక్క ముక్క రాయి. వెంటనే.

వదిన


మార్చి 6

వదినకి వెయ్యి దండాలు,

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి పడీ పడీ నవ్వాను. మిగతాది తీరిగ్గా చదువుతాను, ఇక్కడ ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. వ్యాసం అచ్చుకి వెళ్ళింది.

నువ్వు పట్టిన తప్పు ఇవాళ్టిది కాదు తెలుసా! మెల్లిఫెరా అని పేరు పెట్టిన ఆయనకే తర్వాత తెలిసొచ్చింది, ఈగ తేనె మొయ్యదు, చేస్తుందని. మూడేళ్ళాగి మెల్లిఫికా, అంటే "తేనె చేసేది", అని మార్చాలని చూశాడు. కుదర్లేదు. మా శాస్త్రంలో రూలు ఒకటే, ముందు అచ్చయిన పేరే పేరు. తప్పైనా సరే, పెట్టినవాడు వచ్చి మొర పెట్టుకున్నా సరే. రెండున్నర వందల ఏళ్ళు దాటింది, ఆ తప్పు పేరే నడుస్తోంది. నువ్వు ఊరికే లాటిన్‌ని ఆడిపోసుకుంటున్నావు గానీ మన మాట మాత్రం? తేనె ఈగ అంటాం. ఈగకి రెక్కలు రెండు. తేనెటీగకి నాలుగు. అది ఈగే కాదు!

ఇప్పుడు అసలు కబురు. మన కొత్త ఈగకి డైరెక్టరు పేరు పెట్టాను. ఆయన ఇంటిపేరుకి లాటిన్ తోక తగిలించాను. ముఖం చిట్లించకు. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకోవడం మాలో మర్యాద కాదు. అందుకే పెద్దవాళ్ళంతా ఎవరైనా పెడతారేమోనని కాచుకుని ఉంటారు. ఈయన మూడు వారాలుగా నా బల్ల దగ్గరికి వచ్చి "ఏమ్మా, పేరేమైనా తట్టిందా" అని అడిగి వెళ్తున్నాడు. ఇంకెవరి పేరు తడుతుంది వదినా నాకు?

నీ పేరు పెట్టలేదని బాధపడకు. ఈగలు ఇచ్చినందుకు చివర్లో ఒక వాక్యం వేశాను, "స్థానిక పెంపకందారు ఒకరు" అని.

నీ పెట్టెలు క్షేమమనుకుంటాను. ఏదీ ముట్టుకోకు.

మరదలు


మార్చి 27

స్థానిక పెంపకందారు ఒకరు రాయునది.

పదకొండు పోయింది. పంతొమ్మిది పోయింది. ఇరవై నాలుగు, ముప్ఫై ఒకటి నిన్న పోయాయి. మూతలు తీస్తే లోపల తేనె బొట్టు లేదు. పట్లు చింపి, మైనం నలిపి, నేల మీద పొడి చేసి పోయాయి. ఇరవై నాలుగులో రాణి చుట్టూ ఓ పది ఈగలు మిగిలి ఉన్నాయి, ఆకలితో కదల్లేక. నా చేతిలోనే చచ్చిపోయాయి. మీ అన్నయ్య అన్నం తినకుండా లేచిపోయాడు.

నీ కొత్త జాతి ఏమిటో చెప్పనా? దొంగలు. ఏడో పెట్టెలో ముసలి ఈగలు. పువ్వుల వెంట తిరగడం మాని, పక్కవాడి పెట్టెలో కూడబెట్టిన తేనె దోచుకోవడం మరిగాయి. ఇరుకు సందుల్లో దూరీ దూరీ, కాపలా ఈగలతో పెనుగులాడీ పెనుగులాడీ, ఒంటి మీద నూగంతా ఊడిపోయింది. అందుకే ఆ నలుపు, ఆ నునుపు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను గోళ్ళరంగుతో పట్టాను. నెల కిందట నూగుతో ఉండగా చుక్క పెట్టిన ఈగలు మొన్న ముప్ఫై ఒకటో పెట్టెలోంచి బోడి వీపుల మీద ఎర్ర చుక్కలతో బయటికొచ్చాయి. ఏడు పట్టాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చూసుకో.

నేనడిగింది పేరు కాదు. గుమ్మాలు ఇరుకు చెయ్యనా వద్దా అని. రెండుసార్లు అడిగాను. ఆ పని చెయ్యడానికి నాకు ఒక సాయంత్రం చాలు, నలభై కర్ర ముక్కలు చాలు. నాకు తెలిసిన వైద్యమే, నీ చదువు మీద గౌరవం కొద్దీ చెయ్యలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఇక్కడ చదివింది నువ్వు, మతి పోయింది నాకు.

నిన్న సాయంత్రం గుమ్మాలన్నీ ఇరుకు చేసేశాను. నీ అనుమతి అడగలేదు.

వదిన


ఏప్రిల్ 4

వదినకి,

నీ ఉత్తరమూ, ప్రత్యేక సంచికా, నా ఉద్యోగం పర్మనెంటు చేసిన ఉత్తర్వూ ఒకే రోజు చేతికొచ్చాయి. ఏది ముందు చదివానో అడగకు.

నాలుగు పెట్టెలు పోయినందుకు బాధగా ఉంది. కానీ నా కష్టం మీద నువ్వు ఇంత తేలిగ్గా నీళ్ళు చల్లడం బాగాలేదు. గోళ్ళరంగు శాస్త్రం కాదు. ఆ రంగు వల్లే వెంట్రుకలు ఊడాయేమో. నువ్వు అలా ఆలోచించావా? నీ పేరు పెట్టలేదన్న కోపం నీ ఉత్తరం నిండా ఉంది. "స్థానిక పెంపకందారు" అన్నది మా వ్యాసాల్లో రాసే పద్ధతి. అవమానం కాదు.

ఇక్కడేదో నేను ఊరేగుతున్నాననుకుంటున్నావు. వ్యాసం రాసింది నేను. అచ్చులో చూస్తే నా పేరు రెండోది. మొదటి పేరు డైరెక్టరుది. ఆఖరి రోజున ప్రెస్సుకి మనిషిని పంపించి చేర్పించుకున్నాడట. అంటే లోకం దృష్టిలో ఆయన తన పేరు తానే పెట్టుకున్నాడు. మర్యాద సంగతి ఆయనకెవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. సంచిక తెరిచి తన బల్ల మీద ఆ పేజీ కనిపించేలా పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ ఈగ బొమ్మ చూపిస్తున్నాడు.

ఆరేళ్ళ తర్వాత మొదటిసారి మార్చి నెల ఏడవకుండా గడిచింది నాకు. దయచేసి ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యి.

మరదలు


ఏప్రిల్ 13

అమ్మాయ్,

పర్మనెంటు అయినందుకు సంతోషం. నిజంగానే. మీ అన్నయ్య వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. దేనికోసం అయిందో మాత్రం చెప్పలేదు.

నా పేరు పెట్టలేదని కోపమన్నావు. తల్లీ, ఆ ఈగకి నా పేరు పెట్టకపోవడం నువ్వు నాకు చేసిన గొప్ప ఉపకారం. ముసలిదై, బోడిదై, సొంతంగా ఓ చుక్క సంపాదించకుండా, పక్కవాళ్ళు చేసినదాన్ని ఎత్తుకుపోయే ఈగకి మీ డైరెక్టరు పేరు పెట్టావు. నువ్వు రాసిన వ్యాసం మీద ఆయన ముందు తన పేరు వేసుకున్నాడు. ఇంతకంటే సరిపోయే పేరు ఈ భూమ్మీద దేనికైనా పెట్టారా? తప్పు పేర్ల శాస్త్రమన్నావు గానీ, ఈ ఒక్కటీ కరెక్టుగా కుదిరింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనేది పాత సామెత. దీనికి ఊరు కూడా లేదు, ఏడో పెట్టె తప్ప.

రంగు వల్ల వెంట్రుకలు ఊడతాయేమోనని నువ్వు రాశాక అదీ చూశాను. ఇరవై ఆరో పెట్టెలో ఈగలకీ అదే రంగు పెట్టాను. అవి దోపిడీకి పోవు. ఇవాళ్టికి వారం, వెంట్రుక చెక్కు చెదరలేదు. వారం చాలదంటావేమో, ఇంకా చూస్తాను. నువ్వు అడిగిన ప్రశ్న మంచిది కాబట్టే చేశాను. నేనడిగినవీ మంచివే.

ఇక ఎకసెక్కాలు చాలు. నేను ఎవరికీ చెప్పను. ఎర్ర చుక్కల ఈగలు ఏడింటినీ నువ్వే పెట్టుకో, పారేసుకో. నీకు ఆ కుర్చీ ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ రేపు ఇంకెవరో పెంపకందారు గుమ్మం దగ్గర నల్ల ఈగ కనిపిస్తుంది. ఎవరో చదువుకున్నవాళ్ళు నీ వ్యాసం తెరిచి "ఇది అరుదైన జాతి, ముట్టుకోకండి" అని చెప్తారు. ఆ మనిషి కూడా నాలాగే ఆగుతాడు. నాకు నీ మీద కోపం అందుకు. మిగతాదంతా వదినా మరదళ్ళ కొట్లాట.

వదిన


ఏప్రిల్ 25

వదినకి,

ముందు ఒక నిజం. రెక్కల్లో నరాల అమరిక నేను మొదటి రోజే కొలిచాను. అచ్చంగా మామూలు తేనెటీగదే. ఒక్క గీత తేడా లేదు. చూసి, చూడనట్టు ఊరుకున్నాను. నేను చదివింది పెంకుపురుగుల గురించి, ఈగల్లో ఇలాగే ఉంటుందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ ఫిబ్రవరి నెలాఖరు ఉత్తరం ఆఖరి పేజీలు కూడా నీ నాలుగు పెట్టెలూ పోయాకే చదివాను. గుమ్మాల మాట అక్కడుంది. చదివి, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. అప్పటికీ నీకు ఆ రోషపు జవాబే రాశాను. నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

సవరణ వ్యాసం రాశాను. ఆ కొత్త జాతి అబద్ధం, అవి దోపిడీలో నూగు ఊడిన ముసలి ఈగలు, గుమ్మాలు వెంటనే ఇరుకు చెయ్యాలి అని. నీ ఎర్ర చుక్కల లెక్క మొత్తం వేశాను. ఆ వ్యాసం నీ పేరు మీద ఉంది, వదినా. నీ ఒక్కదాని పేరు, పూర్తిగా. కనిపెట్టింది నువ్వు. నేను రాసిపెట్టిన గుమాస్తానని కింద చిన్నగా ఉంది. నువ్వు చదివి, సరేనని సంతకం పెడితేనే పంపుతాను.

కానీ తర్వాతి సంచికలో రావాలంటే డైరెక్టరు సంతకం కూడా కావాలి. సంచిలో రాజీనామా ఉత్తరం పెట్టుకుని లోపలికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. దొంగ ఈగలనీ, ముసలివనీ, బోడివనీ అన్నాను. ఆయన తన బట్టతల నిమురుకుంటూ విన్నాడు. సంచికలో పేజీ వంక చూశాడు. నా వంక చూశాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అయితే నా పేరు తీసేస్తారా?"

"తీయరు సార్" అన్నాను. "రూలు ఒప్పుకోదు. ఒకసారి అచ్చయిన పేరు ఎప్పటికీ జాబితాలో ఉండాల్సిందే. అసలు ఈగ పేరు పైన ఉంటుంది. అదే ఈగకి పొరపాటున పెట్టిన పేర్లన్నీ దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. మీదీ ఉంటుంది."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ సార్."

"మరింకేం గొడవమ్మా" అని సంతకం పెట్టేశాడు. టీ తెప్పించాడు.

ఆరేళ్ళు నేను భయపడింది ఈ మనిషికి, వదినా. ఈయన కోసం నేను రెక్కల నరాలు చూడనట్టు నటించాను. రాజీనామా ఇవ్వడానికి కూడా ఆయన అవకాశం ఇవ్వలేదు. ఆ చిన్న అక్షరాల్లో, పేరు పెట్టినవాళ్ళుగా, ఆయన పక్కన నా పేరూ ఉంటుంది. ఆయనకి అది గొప్ప. నాకు సిగ్గు. చదువుకునే ప్రతి పిల్లా చూస్తుంది. చూడనీ.

నీ
మరదలు


మే 2

మరదలికి,

వ్యాసం చదివాను. సంతకం పెట్టాను. మూడో పేజీలో "బలహీన సమూహాలు" అని రాశావు. "బలం లేని పెట్టెలు" అని మార్చాను. చదవాల్సింది పెట్టెలున్నవాళ్ళు కదా.

మీ అన్నయ్య నా పేరు చూసి, ఇంటిపేరుతో సహా పైకి చదివి, మళ్ళీ చదివి, "ఇది నువ్వేనా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత పరిచయం అయింది.

సరే, లెక్క చూసుకుందాం. ఆయన పేరు మిగిలింది. నీ ఉద్యోగం మిగిలింది. నా నాలుగు పెట్టెలు పోయాయి. క్షమించమన్నావు. కాగితం మీద రాసినదాన్ని నేను కాగితం మీద క్షమించగలను, అది చేశాను. మిగతాది ఇక్కడ ఉంది.

ఈ నెలాఖరుకి కొత్త ఇల్లు వెతుక్కునే ఈగల గుంపులు చెట్ల మీద దిగుతాయి. ఖాళీ పెట్టెలు నాలుగూ కడిగి ఎండబెట్టాను. సెలవు పెట్టి రా. నిచ్చెన నేను పట్టుకుంటాను, కొమ్మ మీది గుంపుని నువ్వు పెట్టెలోకి దులపాలి. చేతులకి తొడుగులు ఒక్క జతే ఉంది, అది నాది.

వదిన